పిల్లల ప్రయోగాన్ని బెలూన్‌లో 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపడం ఎలా?

"మా బడి పిల్లల ప్రయోగం ఒకటి బెలూన్‌లో పైకి పంపాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని సైన్సు టీచర్లు అడుగుతూనే ఉన్నారు. దాదాపు అందరూ బెలూన్ ఎక్కడ దొరుకుతుందన్న దగ్గరే మొదలుపెడతారు. అది చివర్లో రావలసిన ప్రశ్న. బెలూన్ పైకి పోయేకొద్దీ ఉబ్బి చివరికి పేలిపోతుంది, దానికి కట్టిన పెట్టె పారాషూట్‌తో నేలకు దిగుతుంది. ఇదంతా రెండున్నర గంటల పని. దానికి ముందు రెండు మూడు నెలల పని ఉంటుంది. ప్రయోగం నిలబడేదీ పడిపోయేదీ ఆ నెలల్లోనే.

ఇంకో మాట. ఇంటర్నెట్‌లో దొరికే వీడియోలు ఎక్కువగా అమెరికా, యూరప్‌లవి. వాటిని చూసి అచ్చం అలాగే చేస్తే మన దగ్గర కొన్ని పనిచేయవు. మన పైనుండే చలి వేరు, గాలి వేరు, చట్టం వేరు. ఆ తేడా వచ్చిన చోటల్లా ఆగి చెబుతాను.

## 1. ప్రయోగం మీది, బెలూన్ ఎవరిది?

ఇందులో రెండు పనులున్నాయి. చిన్న డబ్బాలో ప్రయోగం తయారు చేయడం ఒకటి. బెలూన్ ఎగరేసి, దాని జాడ పట్టి, పెట్టెను తిరిగి తేవడం రెండోది. మొదటిది ఏ హైస్కూలైనా చేయగలదు. రెండోదానికి అనుమతులు, హీలియం, రేడియో, వాహనాలు, అనుభవమున్న మనుషులు కావాలి.

మొదటిసారి చేసేవాళ్ళు సొంతంగా బెలూన్ ఎగరేయవద్దు. అనుమతులతో ఎగరేసే ఇంజినీరింగ్ కాలేజీ బృందమో, సంస్థో ఉంటే వాళ్ళ పెట్టెలో మీ డబ్బాకు చోటు అడగండి.

చిన్న డబ్బాలకు రెండు కొలతలు బాగా వాడుకలో ఉన్నాయి. అమెరికాలో జేపీ ఏరోస్పేస్ అనే బృందం పింగ్‌పాంగ్ బంతిలో పట్టే ప్రయోగాలను పైకి పంపుతుంది. ఆ బంతి వ్యాసం 40 మిల్లీమీటర్లు. రెండోది నాలుగు సెంటీమీటర్ల ఘనం. 2021 ఫిబ్రవరి 7న రామేశ్వరం నుంచి బెలూన్‌లో వెళ్ళిన 100 చిట్టి ఉపగ్రహ నమూనాలు ఇలాంటి చిన్న ఘనాలే. మీరు నాలుగు సెంటీమీటర్ల ఘనం, 60 గ్రాముల లోపు బరువు అనుకుని తయారు చేస్తే చాలాచోట్ల సర్దుకుంటుంది.

ఎగరేసే బృందాన్ని ముందే అడగవలసినవి:

- డబ్బా కొలత, బరువు ఎంత దాటకూడదు?
- అది పెట్టె లోపల ఉంటుందా, బయట ఎండ తగిలేలా ఉంటుందా?
- ఎన్ని రోజుల ముందు అప్పగించాలి?
- ఎత్తు, ఉష్ణోగ్రత, టైము ఉన్న డేటా ఫైలు మాకు ఇస్తారా?
- అనుమతి పత్రాలు చూపిస్తారా?

నాలుగో ప్రశ్నకు "ఇవ్వం" అంటే మీ డబ్బాలోనే చిన్న లాగర్ (సెన్సర్ రీడింగులను రాసి దాచుకునే పరికరం) పెట్టుకోవాలి. అయిదో ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే ఆ బృందంతో వెళ్ళకండి.

## 2. పైన ఏముంటుందో గోడ మీద రాసి పెట్టండి

తరగతి గోడకు ఒక చార్టు అంటించండి. డిజైన్ గురించి వాదన వచ్చినప్పుడల్లా పిల్లలు దాన్నే చూడాలి.

- నేల మీద: గాలి పీడనం సుమారు 1,000 హెక్టాపాస్కల్.
- 5.5 కి.మీ.: పీడనం సగానికి పడిపోతుంది.
- 9 కి.మీ.: సుమారు 300. ఎవరెస్టు శిఖరం ఈ దగ్గరలోనే ఉంటుంది.
- 16–17 కి.మీ.: సుమారు 100. మన ప్రాంతంలో అత్యంత చలి ఇక్కడే, దాదాపు మైనస్ 80 డిగ్రీలు.
- 20 కి.మీ.: సుమారు 55.
- 30 కి.మీ.: సుమారు 12. నేల మీదున్న గాలిలో నూటికి ఒక వంతు. ఇక్కడ నీళ్ళు 10 డిగ్రీలకే మరుగుతాయి.

మైనస్ 80 దగ్గర గట్టిగా గీత గీయండి. చల్లటి దేశాల గైడ్లలో మైనస్ 55, మైనస్ 60 అని ఉంటుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఆ చలి పొర ఇంకా ఎత్తుకు పోతుంది, ఇంకా చల్లబడుతుంది. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెలూన్ కేంద్రం వాళ్ళు కూడా తమ బెలూన్ల ప్లాస్టిక్ పొర ఈ చలికి పెళుసెక్కి చిట్లకుండా ప్రత్యేకంగా చూసుకోవలసి వచ్చింది.

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న: "అక్కడ వస్తువులు తేలుతాయా సార్?" తేలవు. 30 కి.మీ. ఎత్తులో గురుత్వాకర్షణ తగ్గేది ఒక్క శాతమే. బరువులేనితనం మీద ఆలోచించిన ప్రయోగాలన్నీ ఇక్కడే పక్కన పెట్టేయండి. చలి, అల్పపీడనం, అతినీలలోహిత కిరణాలు, అంతరిక్షంనుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు, దిగేటప్పుడు కుదుపు: మీకు దొరికేవి ఈ అయిదే.

## 3. ఒకే ఒక్క ప్రశ్న ఎంచుకోండి

"అంతరిక్షంలో గింజలకు ఏమవుతుంది?" అన్నది ప్రశ్న కాదు, కుతూహలం. దాన్ని లెక్కపెట్టగలిగేలా మార్చాలి: "రెండున్నర గంటల ప్రయాణం తర్వాత, పొడి మెంతి గింజల్లో నూటికి ఎన్ని మూడు రోజుల్లో మొలకెత్తుతాయి? నేల మీదున్న వాటితో పోలిస్తే తేడా ఉందా?"

మన ఇళ్ళలో దొరికే వస్తువులతో బాగా కుదిరే కొన్ని:

- పొడి గింజలు, నానబెట్టిన గింజలు: మెంతులు, పెసలు త్వరగా మొలకెత్తుతాయి. పొడి గింజలో నీరు తక్కువ కాబట్టి చలిని తట్టుకుంటుంది. నానినదానిలో నీరు గడ్డకడితే కణాలు చితికిపోతాయి. ఈ రెంటి పోలిక పిల్లలకు బాగా అర్థమవుతుంది.
- పసుపు గుడ్డ: పసుపు రంగు ఎండకు వెలిసిపోతుందని అమ్మమ్మలందరికీ తెలుసు. ఒకే గుడ్డలోంచి ముక్కలు కత్తిరించి, కొన్నిటిని నల్ల కాగితంతో కప్పి, కొన్నిటిని తెరిచి పెట్టండి. డబ్బా బయట ఉంటేనే ఇది కుదురుతుంది. ముక్కల మీద గాజుగానీ యాక్రిలిక్‌గానీ వేయవద్దు. అవి అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్ని ఆపేస్తాయి.
- రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ దారం: చలికి పెళుసెక్కుతాయా? ముందూ తర్వాతా ఎంత బరువుకు తెగుతున్నాయో కొలవండి.
- గాలి బుడగలున్న పదార్థం: అరకు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చిప్స్ ప్యాకెట్ ఉబ్బడం పిల్లలు చూసే ఉంటారు. అదే సూత్రంతో చిన్న స్పాంజి ముక్కకు, నురుగు ముక్కకు ఏమవుతుందో చూడొచ్చు.

పనికిరానివి: ప్రాణమున్న పురుగులు, చేపలు, ద్రవాలు, గాలి బిగించిన సీసాలు, మండే పదార్థాలు, అగ్గిపుల్లలు. ద్రవం గడ్డకట్టి డబ్బా పగిలితే పక్కవాళ్ళ ప్రయోగం కూడా పోతుంది. పురుగుల సంగతి మరీ ముఖ్యం. చనిపోతాయని తెలిసి పంపడం పిల్లలకు నేర్పవలసిన సైన్సు కాదు.

## 4. జంట లేకుండా పైకి పంపకండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే టైము ఉంటే ఇది చదవండి.

నేను మొదటిసారి పిల్లలతో గింజలు పంపినప్పుడు డబ్బాలో పన్నెండు పెసలు పెట్టాం. తిరిగొచ్చాక పది మొలకెత్తాయి. ఒక పాప లేచి, "ఇంట్లో పన్నెండు నానబెట్టినా పదే మొలకెత్తుతాయేమో కదా సార్?" అంది. నా దగ్గర జవాబు లేదు. అన్ని నెలల పని ఆ ఒక్క ప్రశ్న ముందు ఆగిపోయింది.

అప్పటినుంచి మూడు డబ్బాలు లేకుండా ఏ ప్రయోగమూ ఒప్పుకోను.

డబ్బా ఒకటి పైకి వెళ్ళేది.

డబ్బా రెండు నేల జంట. అదే ప్యాకెట్ గింజలు, అదే రోజు నింపినవి, అదే టేపు. ఇది బడిలో బీరువాలో ఉండకూడదు. కారులో ప్రయాణించాలి, ఎగరేసే చోటికి రావాలి, వెతుకులాటలోనూ ఉండాలి. పైకి వెళ్ళడం ఒక్కటే తేడా కావాలి.

డబ్బా మూడు చలి జంట. ఎగిరే టైములోనే ఫ్రీజర్‌లో పెట్టాలి. పైనుంచి వచ్చినదానిలో, దీనిలో ఒకే మార్పు కనిపిస్తే కారణం చలి కావచ్చు. పైనుంచి వచ్చినదానిలోనే కనిపిస్తే పీడనాన్నో, కిరణాలనో, ఫ్రీజర్‌లో లేనంత చలినో అనుమానించాలి.

లెక్క గురించి రెండు మాటలు. డబ్బాకు కనీసం 50 మెంతి గింజలు పెట్టండి, బరువు ఒక గ్రాము అటూఇటూ ఉంటుంది. 50లో 47, 45 మొలకెత్తితే అది తేడా కాదని పిల్లలకు ముందే చెప్పండి. ఎగరేయకముందే అదే ప్యాకెట్‌లోంచి 50 చొప్పున నాలుగు గిన్నెల్లో మొలకెత్తించి చూస్తే, మామూలుగానే ఎంత హెచ్చుతగ్గులు వస్తాయో వాళ్ళకే తెలుస్తుంది.

రెండోది: లెక్కపెట్టే పిల్లలకు ఏ గిన్నె పైకి వెళ్ళిందో తెలియకూడదు. టీచర్ గిన్నెలకు క, గ, చ అని గుర్తులు పెట్టి, ఏది ఏదో కవర్లో రాసి అంటించాలి. లెక్క బోర్డు మీద రాసిన తర్వాతే కవరు విప్పాలి. పైకెళ్ళిన గింజల మీద పిల్లలకు ప్రేమ ఉంటుంది. ఆ ప్రేమ సగం మొలిచిన గింజను పూర్తిగా మొలిచినట్టు చూపిస్తుంది.

## 5. డబ్బా తయారీ

ప్లాస్టిక్ ఘనం కొనొచ్చు, త్రీడీ ప్రింటర్ ఉంటే ముద్రించుకోవచ్చు, గట్టి అట్టతో మడవొచ్చు. ఏది చేసినా వరస ఇది:

1. ఖాళీ డబ్బా బరువు తూచి రాయండి.
2. రెండు ఎదురెదురు గోడలకు 2 మిల్లీమీటర్ల బెజ్జాలు పెట్టండి. గాలి బయటికి పోవడానికీ, తిరిగి రావడానికీ దారి కావాలి.
3. గింజల్లాంటివైతే పలుచని గుడ్డ సంచిలో కట్టి పెట్టండి. బెజ్జం పెట్టని ప్లాస్టిక్ కవరు వద్దు.
4. ఖాళీ జాగాను దూదితోనో స్పాంజితోనో నింపండి. ఊపితే చప్పుడు రాకూడదు.
5. మూత టేపుతో అంటించాక, దారంతో అడ్డంగా నిలువుగా కట్టండి. టేపు జిగురు చలికి పట్టు వదిలేస్తుంది, ముడి వదలదు. ప్లాస్టిక్ జిప్ టైలు ఇంత చలికి పుటుక్కున విరుగుతాయి, వాటినొక్కటే నమ్ముకోకండి.
6. డబ్బా మీద బడి కోడ్, "పైన" బాణం, తెరవవలసిన వైపు రాయండి. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు రాయవద్దు.
7. నింపాక మళ్ళీ తూచి, ఆరు వైపులా ఫోటో తీయండి.

ఎక్కువమంది చేసే తప్పు రెండో అంకెలోనే. "లోపలికి చలి పోతుంది" అని బెజ్జాలు మూసేస్తారు. మూసిన డబ్బా పైకి పోయేకొద్దీ ఉబ్బి మూత ఎగిరిపోతుంది.

## 6. సెన్సర్లు, బ్యాటరీలు

సెన్సర్ లేకుండా మంచి ప్రయోగం చేయొచ్చు. పెడితే మాత్రం డేటాషీట్ (సెన్సర్ ఎంతవరకు కొలవగలదో తయారీదారు ఇచ్చే కాగితం) చదివి పెట్టండి. షాపులో తేలిగ్గా దొరికేవి మన అవసరానికి మధ్యలోనే ఆగిపోతాయి.

పీడనం. అందరూ కొనే బీఎంపీ280 సెన్సర్ 300 హెక్టాపాస్కల్ దాకే హామీ ఇస్తుంది. అంటే 9 కి.మీ. ఆ తర్వాత వచ్చే అంకెల్ని నమ్మలేం. ఎంఎస్5611 రకం 10 హెక్టాపాస్కల్ దాకా కొలుస్తుంది, అది 30 కి.మీ. దాటి సరిపోతుంది.

ఉష్ణోగ్రత. డీహెచ్‌టీ11 సున్నా డిగ్రీల కిందికి పనికిరాదు. డీఎస్18బీ20 మైనస్ 55 దాకా కొలుస్తుంది. విదేశీ గైడ్లు దీన్నే సిఫారసు చేస్తాయి, అక్కడ దాదాపు సరిపోతుంది. మన దగ్గర పెట్టె లోపలికి సరే, బయట గాలి కొలవడానికి చాలదు. బయటికి పీటీ100 లేదా థర్మోకపుల్ వాడండి.

కాస్మిక్ కిరణాలు. ఈ కిరణాలను లెక్కపెట్టే గైగర్ కౌంటర్ పెడితే 15–20 కి.మీ. మధ్య లెక్క బాగా పెరిగి, ఇంకా పైకి పోతే కొంత తగ్గడం చూడొచ్చు. మనం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి భూమి అయస్కాంత క్షేత్రం ఇక్కడ ఎక్కువ కిరణాలను ఆపేస్తుంది. యూరప్ గ్రాఫులో ఉన్నన్ని రాలేదని సెన్సర్ పాడైందనుకోకండి.

బ్యాటరీ. మామూలు ఆల్కలైన్ సెల్స్ చలికి నీరసిస్తాయి. మైనస్ 40 దాకా పనిచేసే, రీచార్జి కాని లిథియం ఏఏ సెల్స్ వాడండి. పవర్ బ్యాంక్ వద్దు. కరెంటు తక్కువగా లాగుతుంటే చాలా పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని తమంతట తామే ఆగిపోతాయి.

వేడి. చేతులు వెచ్చబెట్టుకునే ఇనుప పొడి ప్యాకెట్లు పెడతామంటారు కొందరు. వాటికి ఆక్సిజన్ కావాలి, పైన అది దాదాపు ఉండదు. ఇంకో సంగతి, పైన గాలి లేక చల్లదనం సోకకపోవడం వల్ల కెమెరా, రేడియో లోలోపలే వేడెక్కి ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే పరీక్షలో రెండూ చూడాలి.

డేటా. ఒకసారి మా లాగర్ తిరిగొచ్చింది, లైటు వెలుగుతోంది, ఫైలు తెరిస్తే ఖాళీ. ప్రోగ్రాం ఫైలును మూయకుండా చివరిదాకా తెరిచే ఉంచింది, నేలను తాకినప్పుడు బ్యాటరీ కదిలింది. అంతే, రెండు గంటల రీడింగులు పోయాయి. ప్రతి 10 సెకన్లకోసారి ఫైలులో భద్రపరిచేలా రాయండి. ఎస్‌డీ కార్డు మీద చుక్క హాట్ గ్లూ వేయండి, కుదుపుకు బయటికి ఎగరదు. లాగర్ గడియారాన్ని ఎగరేసే బృందం గడియారంతో కలపండి, లేకపోతే ఏ రీడింగ్ ఏ ఎత్తుదో తేలదు.

## 7. నేల మీదే అన్నీ పాడు చేసి చూడండి

డబ్బా పాడవాలంటే ఇక్కడే పాడవనివ్వండి. ఈ అయిదు పరీక్షలూ ఇదే వరసలో చేయండి.

ఫ్రీజర్: ఇంట్లో డీప్ ఫ్రీజర్‌లో, మైనస్ 18 దగ్గర, మూడు గంటలు. లాగర్ నడుస్తూనే ఉండాలి.

డ్రై ఐస్: పెళ్ళిళ్ళలో పొగ కోసం వాడేదే. దాని ఉష్ణోగ్రత మైనస్ 78. మన పైనున్న చలికి ఇంతకన్నా దగ్గరి నకలు బడిలో దొరకదు. థర్మాకోల్ పెట్టెలో డ్రై ఐస్ వేసి, దాని మీద అట్ట పరిచి, డబ్బాను అరగంట ఉంచండి. మందపాటి గ్లోవ్స్ వేసుకుని పెద్దవాళ్ళే చేయాలి. గది కిటికీలు, తలుపులు తెరిచి ఉండాలి. పెట్టె మూత బిగించకూడదు, లోపల గ్యాస్ పెరిగి పేలుతుంది.

అల్పపీడనం: కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో గంట ఆకారపు గాజు జాడీ, వాక్యూమ్ పంప్ ఉంటాయి, అడగండి. పంప్ ఏసీ మెకానిక్ దగ్గరా ఉంటుంది, కానీ జాడీ మాత్రం వాక్యూమ్ కోసం చేసినదే కావాలి. ఆవకాయ జాడీలు, మామూలు గాజు సీసాలు లోపలికి కుంగి పగులుతాయి. కళ్ళద్దాలు తప్పనిసరి.

పడేయడం: పారాషూట్‌తో పెట్టె సెకనుకు 5 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. అది 1.3 మీటర్ల ఎత్తునుంచి పడేసినట్టే. అంటే టీచర్ ఛాతీ ఎత్తు. సిమెంటు నేల మీద ఆరు వైపులా పడేయండి. తర్వాత ఒకసారి మొదటి అంతస్తు నుంచి కూడా.

పూర్తి రిహార్సల్: లాగర్ ఆన్ చేసి ఆరు గంటలు వదిలేయండి. అప్పగించడం, గ్యాస్ నింపడం, ఎగరడం, వెతకడం అన్నీ కలిస్తే అంత పడుతుంది. రెండున్నర గంటలకు సరిపడా బ్యాటరీ పెట్టినవాళ్ళది ఎగరకముందే అయిపోయిన సందర్భాలున్నాయి.

ఏ పరీక్షలో విఫలమైనా, బాగు చేసి మళ్ళీ మొదటి పరీక్ష నుంచి రండి.

## 8. అనుమతులు, రేడియో

ఈ భాగం ఎగరేసే బృందం పని. అయినా టీచర్‌కు తెలిసి ఉండాలి.

మనిషి లేని బెలూన్ అయినా అది విమానాలు తిరిగే దారిలోంచే పైకి పోతుంది. పౌర విమానయాన శాఖ డీజీసీఏ అనుమతి, దగ్గరి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌తో సమన్వయం, పైలట్లకు నోటీసు, స్థానిక పోలీసులకు సమాచారం లేకుండా ఎగరేయకూడదు. హైదరాబాద్ చుట్టుపక్కల శంషాబాద్‌తో పాటు బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమాన కేంద్రాలు ఉన్నాయి. అనుమతికి నెలల ముందే దరఖాస్తు మొదలవ్వాలి. "చిన్నదే కదా, ఎవరికి తెలుస్తుంది" అన్నవాళ్ళ వెంట పిల్లల్ని పంపకండి.

జాడ పట్టే పరికరాల్లో పెద్ద తేడా ఇది: విదేశీ గైడ్లు ఉపగ్రహ ట్రాకర్ కొనమంటాయి. మన దేశంలో ఉపగ్రహ ఫోన్లు, అలాంటి సందేశ పరికరాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడటం నేరం. ఆన్‌లైన్‌లో తెప్పించి వాడకండి.

బదులుగా:

- 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, నిర్ణయించిన శక్తి లోపు, లైసెన్స్ లేకుండా పనిచేసే లోరా రేడియో (తక్కువ శక్తితో చిన్న సందేశాలను దూరం పంపేది). పైనుంచి దిగంతం 600 కి.మీ. దూరంలో ఉంటుంది కాబట్టి తక్కువ శక్తితోనే సిగ్నల్ చాలా దూరం వస్తుంది.
- లైసెన్స్ ఉన్న హామ్ రేడియో సభ్యుల (సరదాగా సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్ళ) సాయం. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. హామ్‌లు యాంటెన్నా పట్టుకుని వెతుకులాటలో ముందుంటారు.
- సిమ్ ఉన్న ట్రాకర్ నేల మీదికి దిగాక, అదీ సిగ్నల్ ఉన్న ఊళ్ళో, రెండో ఆసరాగా మాత్రమే.

జీపీఎస్ గురించి ఒక హెచ్చరిక. కొన్ని మాడ్యూళ్ళు 12 కి.మీ. దగ్గర, కొన్ని 18 కి.మీ. దగ్గర ఎత్తు చెప్పడం ఆపేస్తాయి. యూబ్లాక్స్ రకాల్లో "ఎయిర్‌బోర్న్" మోడ్ పెడితే 50 కి.మీ. దాకా పనిచేస్తాయి. కరెంటు పోయి వస్తే కొన్ని ఆ మోడ్‌ను మరచిపోతాయి, అందుకే ఆన్ అయిన ప్రతిసారీ ప్రోగ్రామే దాన్ని మళ్ళీ పెట్టాలి. జీపీఎస్ యాంటెన్నా మీద మెరుపు కాగితం చుట్టవద్దు.

## 9. రోజు, చోటు ఎంచుకోవడం

తెలుగు నేల మీద డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున నేల గాలి నెమ్మదిగా ఉంటుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఉరుము మేఘాలు లేస్తాయి. వానాకాలంలో 14–16 కి.మీ. దగ్గర బలమైన తూర్పు గాలి ప్రవాహం వీస్తుంది, పెట్టె పడమటికి చాలా దూరం కొట్టుకుపోతుంది. పైగా పొలాలన్నీ బురద.

చలికాలంలో 10 కి.మీ. పైన తరచూ పడమటి గాలి ఉంటుంది, అది పెట్టెను తూర్పుకు తోస్తుంది. విశాఖ, మచిలీపట్నం, నెల్లూరులాంటి తీరపు ఊళ్ళనుంచి ఎగరేస్తే పెట్టె బంగాళాఖాతంలో పడే ప్రమాదం ఎక్కువ. తీరపు బడులు డబ్బాను లోపలి జిల్లాలకు పంపడమే మంచిది.

అంచనా వేసే పద్ధతి:

1. ఎగరేయడానికి వారం ముందు నుంచి బెలూన్ ఎక్కడ దిగుతుందో అంచనా వేసే సోండ్‌హబ్ ప్రిడిక్టర్ వెబ్‌సైట్‌లో ఎగరేసే చోటు, ఎక్కే వేగం, పేలే ఎత్తు, దిగే వేగం ఇచ్చి రోజూ చూడండి.
2. వాతావరణ శాఖ హైదరాబాద్, విశాఖ, మచిలీపట్నంల నుంచి పై గాలిని కొలిచే రేడియోసోండ్ బెలూన్లు ఎగరేస్తుంది. వాటి ప్రామాణిక సమయాలు ఉదయం 5.30, సాయంత్రం 5.30. ముందురోజు సాయంత్రం కొలిచిన గాలిని అంచనాతో పోల్చండి.
3. పేలే ఎత్తును 3 కి.మీ. అటూఇటూ మార్చి మళ్ళీ చూడండి. దిగే చోటు ఎంత జరుగుతుందో అదే మీ వెతికే వలయం.
4. ఆ వలయంలో పట్టణం, విమానాశ్రయం, పెద్ద జలాశయం, నల్లమల అడవి ఉంటే ఆ రోజు వద్దు.

ఎగరేయడం వాయిదా పడితే పిల్లలు నీరసపడతారు. కనీసం రెండు వాయిదాలు ఉంటాయని మొదటి రోజే చెప్పి పెట్టండి, టెన్షన్ తగ్గుతుంది.

## 10. ఎగరేసే ఉదయం

అంకెలు తెలిస్తే పిల్లలు ఊరికే చూడరు, లెక్క వేస్తారు. కిలో బరువు పెట్టెకు 1,200 గ్రాముల రబ్బరు బెలూన్ అనుకుందాం. సెకనుకు 5 మీటర్ల వేగంతో ఎక్కాలంటే సముద్రమట్టం దగ్గర 3 ఘనపు మీటర్లకు కాస్త పైగా హీలియం కావాలి. బెలూన్ మెడ దగ్గర తూచే స్ప్రింగ్ త్రాసు దాదాపు 2 కిలోల లాగుడు చూపాలి: ఒక కిలో పెట్టెది, ఇంకో కిలో పైకి లాగే బలం. ఆ వేగంతో 30 కి.మీ. చేరడానికి 100 నిమిషాలు. దిగడానికి ముప్పావు గంట.

గ్యాస్ ఎక్కువ నింపితే బెలూన్ వేగంగా ఎక్కి తక్కువ ఎత్తులోనే పేలుతుంది. తక్కువ నింపితే నెమ్మదిగా ఎక్కి, గాలికి చాలా దూరం పోతుంది. రెండూ తరచూ జరిగే తప్పులే. త్రాసు చెప్పేదాకా ఆపకండి, చెప్పాక ఇంకొంచెం అని నింపకండి.

హైడ్రోజన్ చవక, కానీ పిల్లలున్న చోట హీలియమే.

వరస:

- నేల మీద శుభ్రమైన టార్పాలిన్, దాని మీద మెత్తటి దుప్పటి. బెలూన్ ముట్టుకునేవాళ్ళు ఉంగరాలు, గాజులు, వాచీలు తీసి మెత్తటి గ్లోవ్స్ వేసుకోవాలి.
- ముందు ట్రాకర్లు ఆన్ చేసి, సిగ్నల్ రెండు చోట్ల అందుతోందని చూశాకే గ్యాస్ తెరవాలి.
- డబ్బాల లాగర్లు ఆన్. ఒకరు పేరు చదవాలి, ఇంకొకరు లైటు చూసి "ఉంది" అనాలి, మూడోవారు టిక్ పెట్టాలి.
- బెలూన్, పారాషూట్, పెట్టె వరసలో కట్టిన ప్రతి ముడినీ కట్టనివాళ్ళు లాగి చూడాలి.
- ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు చివరి ఫోను.
- నేల జంట డబ్బా కారులో, చలి జంట ఫ్రీజర్‌లో ఉన్నాయా?
- వదిలిన టైము నిమిషంతో సహా రాయాలి.

పిల్లలు టార్పాలిన్‌కు పది అడుగుల దూరంలో గీత వెనక నిలబడాలి. గీత సున్నంతో గీయండి, మాటతో కాదు.

## 11. వెతకడం

పెట్టె మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దు దగ్గరైతే కన్నడం, మరాఠీ కూడా. "ఇది విద్యార్థుల సైన్సు ప్రయోగం. ప్రమాదం లేదు. దయచేసి తెరవకండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఆ నంబరు బృందం కోసం తీసుకున్న సిమ్‌ది కావాలి, పిల్లలదో తల్లిదండ్రులదో వద్దు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆకాశంనుంచి దిగిన పెట్టెను చూస్తే ఎవరికైనా భయమే. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో ఒక పెద్ద ప్రయోగ క్యాప్సూల్ దిగినప్పుడు చుట్టుపక్కల జనమంతా గుమిగూడారు. మీ పెట్టె చిన్నదే అయినా, దాని మీద ఏమీ రాసి లేకపోతే అనుమానం మాత్రం చిన్నగా ఉండదు. అంచనా వలయంలోని పోలీస్ స్టేషన్లకు ముందే చెప్పి ఉంచితే సగం కష్టం తీరుతుంది.

పొలంలో పడితే రైతును అడగకుండా అడుగు పెట్టకండి. యాసంగి వరి నిలబడి ఉంటే పదిమంది దిగవద్దు, రైతు చూపిన గట్టు మీదుగా ఒక్కరే వెళ్ళి తేవాలి. పైరు నలిగితే అక్కడే మాట్లాడి నష్టం ఇచ్చి రావాలి. చెట్టు మీద పడితే పిల్లల్ని ఎక్కించకండి. కరెంటు తీగల మీద పడితే ఎవరూ ముట్టుకోకూడదు, లైన్‌మన్‌ను పిలవండి. రబ్బరు ముక్కలు, దారాలు ఏరుకుని రండి, గేదెలు మేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

## 12. డబ్బా తిరిగొచ్చిన గంటలో

అందరూ ముందు వీడియో చూడాలంటారు. ఆపండి. వరస ఇది:

1. దొరికిన చోటే, కదిలించకముందు ఫోటో.
2. డబ్బా విప్పకముందు ఆరు వైపులా ఫోటో, బరువు.
3. లాగర్ ఆపి, ఎస్‌డీ కార్డును రెండు చోట్ల కాపీ చేయడం. అసలు కార్డు కవరులో వేసి బీరువాలో.
4. మూడు డబ్బాలనూ ఒకే బల్ల మీద, ఒకే టైములో విప్పడం.
5. గింజలైతే మూడింటినీ ఒకే నీటితో, ఒకే గదిలో నానబెట్టడం. గుడ్డ ముక్కలైతే ఒకే వెలుతురులో, ఒకే ఫోన్‌తో, పక్కన తెల్ల కాగితం పెట్టి ఫోటో తీయడం.
6. ఎవరికి ఏం కనిపించిందో పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే విడివిడిగా రాయడం.

తేడా కనిపించకపోతే పిల్లల ముఖాలు వాడిపోతాయి. పొడి గింజలతో చాలాసార్లు అలాగే అవుతుంది. మైనస్ 80 డిగ్రీల పొరలోంచి వెళ్ళొచ్చిన మెంతి గింజ మామూలుగా మొలకెత్తిందంటే, గింజ గురించి వాళ్ళు కొత్త సంగతి కనుక్కున్నట్టే. ఆ అంకెను అలాగే రాయించండి, పెంచకుండా, తగ్గించకుండా.

పెట్టె దొరక్కపోతే నేల జంట, చలి జంటలను అనుకున్న రోజునే విప్పి లెక్కపెట్టండి. పెట్టె రెండు నెలలకు ఏ పత్తి చేనులోనో దొరికిన సందర్భాలున్నాయి. అప్పటికి పోల్చడానికి అంకెలు నోటుపుస్తకంలో సిద్ధంగా ఉండాలి. ఆ పుస్తకంలోనే, పెట్టె చూసి ఫోన్ చేసిన రైతు ఊరి బడి పేరు కూడా రాసుకోండి. ఫలితాల కాపీ ఒకటి ఆ బడి పిల్లలకు పంపండి.